మీకు బాగా నచ్చిన ప్రపంచ సినిమాలు ఏవి? నావి మూడు, కారణాలతో సహా

నేలటికెట్టు:

మొన్న ఆఫీసులో ఒక కుర్రాడు, మీరు అన్ని దేశాల సినిమాలూ చూస్తారట కదా, మీకు నచ్చినవి ఒక పది చెప్పండి అన్నాడు. ఇంటికొచ్చి కాగితం తీసుకుని కూర్చుంటే మూడు రాసేసరికే రాత్రి పదకొండయింది, ఎందుకంటే ఒక్కో పేరు రాయగానే ఆ సినిమా మళ్ళీ కళ్ళ ముందు ఆడడం మొదలుపెట్టింది. ఆ మూడింటి గురించే రాస్తున్నా. ప్రపంచంలోకెల్లా గొప్పవి అని కాదు, నావి, అంతే.

మొదటిది బైసికిల్ థీవ్స్. ఇటలీ, 1948, దర్శకుడు విట్టోరియో డి సికా. యుద్ధం అయిపోయిన రోమ్‌లో పని దొరకడమే గగనం. ఆంటోనియోకి గోడలకి పోస్టర్లు అంటించే పని దొరుకుతుంది కానీ సైకిల్ ఉంటేనే పని, ఆ సైకిలేమో తాకట్టులో ఉంది. వాళ్ళావిడ మరియా ఎక్కువ మాట్లాడదు, మంచం మీది దుప్పట్లు లాగేసి, మూట కట్టి, తాకట్టు కొట్టుకి పట్టుకుపోతుంది. అక్కడ కొట్టు మనిషి ఆ మూట తీసుకుని అరల మీదకి ఎక్కుతూ పోతాడు, ఇంకా ఎక్కుతాడు, ఇంకా ఎక్కుతాడు, చూస్తే కప్పు దాకా అన్నీ అలాంటి మూటలే. ఊరు ఊరంతా దుప్పట్లు తాకట్టు పెట్టి ఉత్త పరుపుల మీద పడుకుంటోందని ఎవరూ చెప్పరు, మనకే తెలిసిపోతుంది.

మా నాన్న గుంటూరులో జిన్నింగ్ మిల్లుకి సైకిల్ మీదే వెళ్ళేవాడు. ఆదివారం పొద్దున సైకిల్ని తలకిందులుగా నిలబెట్టి నూనె గుడ్డతో స్పోక్సు ఒక్కొక్కటే తుడిచేవాడు, పక్కన నేను పెడల్ చేత్తో తిప్పుతూ కూర్చునేవాణ్ణి. సినిమాలో బ్రూనో అనే చిన్న పిల్లాడు పనికి వెళ్ళే రోజు పొద్దున్నే నాన్న సైకిల్ తుడుస్తూ దాని మీద సొట్ట కనిపెట్టి, తాకట్టు కొట్టువాళ్ళ మీద కోపం తెచ్చుకుంటాడు. తరువాత బయటికి వెళ్ళబోతూ మంచం మీద పడుకున్న చంటిపాపని చూసి, వెలుతురు పడకుండా కిటికీ మూసి వెళ్తాడు. రెండు మూడు సెకన్లు. కథకి దానితో పనేమీ లేదు. కానీ ఆ కిటికీ మూసినప్పటి నుంచీ వాడు మా ఇంటి పిల్లాడైపోయాడు, సైకిల్ పోయాక వాడు నాన్న వెనకాల పరిగెత్తిన ప్రతి వీధిలోనూ నేనూ పరిగెత్తాను. నాన్న వేషం వేసిన లాంబెర్టో మజొరానీ నిజంగానే ఫ్యాక్టరీ కార్మికుడు. సినిమా దేశదేశాల్లో ఆడింది, ఆయన తిరిగి ఫ్యాక్టరీకి వెళ్తే మాత్రం ఉద్యోగం నిలవలేదు. ఇది చదివిన రోజు చాలా బాధేసింది.

రెండోది ఇరాన్ సినిమా, చిల్డ్రన్ ఆఫ్ హెవెన్, మజీద్ మజీదీ తీసింది, 1997. అన్న చేతిలో చెల్లెలి బూట్లు పోతాయి, ఇంట్లో చెబితే నాన్న దగ్గర డబ్బు లేదని ఇద్దరికీ తెలుసు, అందుకని ఒకే జత ఇద్దరూ మార్చుకుని బడికి వెళ్తుంటారు. అందరూ చివరి పరుగుపందెం గురించి చెబుతారు. నాకు పంచదార సీను. మసీదులో టీకి కావలసిన పంచదార గడ్డలు నాన్న ఇంట్లో కూర్చుని ముక్కలు కొడుతుంటాడు. కూతురు టీ తెచ్చి పెడుతుంది, పంచదార ఏదంటాడు. ఎదురుగా గుట్టలా ఉంది కదా అంటుంది. అది మసీదుది, మనది కాదంటాడు. ఆ తండ్రి ఎలాంటివాడో చెప్పడానికి ఇంకేం కావాలి?

మూడోది జపాన్ దర్శకుడు కురొసావా తీసిన ఇకిరు, 1952. సినిమా మొదలవడమే ఒక మనిషి పొట్ట ఎక్స్‌రేతో మొదలవుతుంది. ముప్ఫై ఏళ్ళు కార్యాలయంలో ముద్రలు కొడుతూ కూర్చున్న పెద్దాయనకి కేన్సర్ అని తెలుస్తుంది. మురికిగుంట పూడ్చి పిల్లలకి ఆడుకునే చోటు చేయించండని వచ్చిన ఆడవాళ్ళని ఈ సెక్షన్ నుంచి ఆ సెక్షన్‌కి, అక్కడి నుంచి ఇంకో సెక్షన్‌కి తిప్పుతారు చూడండి, మన దగ్గర ఏ పని మీదైనా తిరిగినవాళ్ళకి ఆ సీను వేరే చెప్పక్కర్లేదు. ఆయన ఆ పార్కు కట్టించి చనిపోతాడు. విచిత్రం ఏంటంటే సినిమా ఇంకా చాలా ఉండగానే ఆయన పోతాడు, మిగతాదంతా సంతాపానికి వచ్చిన ఆఫీసు జనం మాట్లాడుకోవడమే. పార్కు ఘనత ఎవరిదని అధికారులు పంచుకుంటుంటే ఆ పేట ఆడవాళ్ళు లోపలికొచ్చి, ఫోటో ముందు కూర్చుని ఏడ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళిపోతారు. గదిలో ఉన్నవాళ్ళంతా తలలు దించుకుంటారు.

మీవి చెప్పండి. పేరొక్కటే కాకుండా ఎందుకు నచ్చిందో కూడా రాయండి.

గోదారిగట్టు:

పంచదార సీను గురించి రాసినందుకు మీకు దణ్ణమండీ. నేను కోనసీమలో బడిపంతుల్ని. నా జాబితాలో మొదటి పేరు కూడా ఇరాన్‌దే, అబ్బాస్ కియరోస్తమీ తీసిన వేర్ ఈజ్ ది ఫ్రెండ్స్ హౌస్, 1987. పక్కవాడి నోటుపుస్తకం పొరపాటున తన సంచిలో వచ్చేసింది. రేపు హోంవర్కు అందులో రాయకపోతే మాస్టారు వాణ్ణి బడిలోంచి పంపేస్తారు. ఆ పుస్తకం ఇచ్చిరావడానికి ఒక పిల్లాడు పక్క ఊరికి పరిగెడతాడు, వాడి ఇల్లెక్కడో తెలియదు. కథ మొత్తం ఇదే. పెద్దవాళ్ళెవ్వరూ వాడు చెప్పేది వినరు, అమ్మ వినదు, తాత వినడు, ప్రతివాళ్ళూ ఏదో ఒక పని చెబుతుంటారు.

చూసిన మర్నాడు నేను క్లాసులోకి వెళ్ళి పుస్తకం తేనివాళ్ళు నిలబడండి అని రోజూ అనే మాట అనబోయి ఆగాను. ఎందుకు తేలేదో ఒక్కొక్కళ్ళని పిలిచి అడిగాను. ఆ రోజు తెలిసిన సంగతులు నాకు పదహారేళ్ళ సర్వీసులో తెలియలేదు.

ఆ సినిమా తీసిన కోకర్ ప్రాంతంలో 1990లో పెద్ద భూకంపం వచ్చింది. తన సినిమాలో నటించిన పిల్లలు ఏమయ్యారోనని కియరోస్తమీ వెతుక్కుంటూ వెళ్ళాడు, ఆ ప్రయాణం మీదే 1992లో ఇంకో సినిమా తీశాడు. సినిమా అయిపోయాక కూడా ఆ పిల్లల్ని వదలని దర్శకుడంటే నాకు అందుకే అంత ఇష్టం.

రాత్రిషో:

అన్నీ కంటతడి సినిమాలేనా అన్నా? నా ఓటు సెవెన్ సమురాయ్‌కి. 1954, మూడున్నర గంటలకి ఓ మూడు నిమిషాలు తక్కువ, అయినా ఎక్కడా సెల్ చూడబుద్ధి కాలేదు. పంట కోతలయ్యాక వద్దామని దొంగలు అనుకుంటుంటే ఊరివాడొకడు వింటాడు, రైతులు డబ్బు లేక తిండి మాత్రం పెడతామని చెప్పి యోధుల్ని తెచ్చుకుంటారు. మన షోలే చూసినవాళ్ళకి కథ ఎక్కడ తగులుతుందో వెంటనే తెలుస్తుంది.

వానలో బురదలో జరిగే చివరి యుద్ధం గురించి ఎంతైనా చెప్పొచ్చు, కురొసావా ఒకేసారి చాలా కెమెరాలు పెట్టి తీశాడు. గుర్రాలు బురదలో జారుతుంటే మనం కూర్చున్న కుర్చీ కూడా తడిసినట్టుంటుంది. కానీ మీరిద్దరూ రాసింది చదివాక నాకు గుర్తొచ్చిన సీను వేరే. యోధులకి పెట్టడానికని రైతులు తెచ్చుకున్న బియ్యం దొంగతనమైపోతుంది. వాళ్ళలో యోహే అనే ముసలాయన నేల మీద మిగిలిన గింజల్ని ఒక్కొక్కటే ఏరుకుంటాడు. వాళ్ళు తినేది చిరుధాన్యం, అన్నం మాత్రం వచ్చే యోధులకి. మా నాన్నమ్మ రేషన్ బియ్యం చాటలో పోసి రాళ్ళేరేటప్పుడు కింద పడ్డ గింజని అలాగే వేలితో అద్ది తీసేది, అచ్చం అలాగే.

ఇంకోటి కొరియా నుంచి మెమొరీస్ ఆఫ్ మర్డర్, 2003, తరువాత పారసైట్ తీసిన బాంగ్ జూన్ హో దే. నిజంగా జరిగిన హత్యల కేసు, సినిమా వచ్చేనాటికి హంతకుడెవరో తేలలేదు. చివర్లో హీరో సాంగ్ కాంగ్ హో నేరుగా కెమెరాలోకి, అంటే మన కళ్ళలోకి చూస్తాడు, ఎందుకంటే అసలు హంతకుడు ఎప్పుడో ఈ సినిమా చూడొచ్చని దర్శకుడి ఆలోచన. 2019లో డీఎన్ఏ వల్ల వాడెవడో తెలిసింది, అప్పటికే వేరే హత్య కేసులో జైల్లో ఉన్నాడు. ఆ వార్త చదివి ఆ చివరి షాట్ మళ్ళీ పెట్టుకుని చూశా, ఒళ్ళు జలదరించింది.

డాలస్‌లో_తెనాలి:

మాది తెనాలి, ఉండేది డాలస్. మీ అందరి పోస్టులూ ఇష్టంగా చదివాను. ఒక్క సందేహం. ఎవరిని అడిగినా టోక్యో స్టోరీ చూడమంటారు. రెండుసార్లు మొదలుపెట్టి రెండుసార్లూ నలభై నిమిషాలకి ఆపేశాను. ముసలి దంపతులు పిల్లల దగ్గరికి వస్తారు, కూర్చుంటారు, విసనకర్రతో విసురుకుంటారు, ఏమీ జరగదు. ఇందులో నేను చూడలేకపోతున్నది ఏంటో చెప్పగలరా? నిజంగా తెలుసుకోవాలని అడుగుతున్నాను.

నేలటికెట్టు:

మంచి ప్రశ్న అడిగారు. అది నాలుగోది రాయాలనుకున్నదే, రాయడం చేతకాక ఆపేశాను.

1953లో యసుజిరో ఓజు తీసిన సినిమా. కెమెరా దాదాపు కదలదు, చాప మీద కూర్చున్న మనిషి కంటి ఎత్తులో నేలకి దగ్గరగా ఉంటుంది. మొదట అది విసుగు అనిపిస్తుంది. నాకు అర్థమైందేంటంటే, ఇంటికొచ్చిన చుట్టాల పక్కన మనల్నీ కింద కూర్చోబెట్టాడు, అందుకని వాళ్ళు మాట్లాడనప్పుడు మనకీ ఇబ్బందిగా ఉంటుంది. ఏమీ జరగదు అన్నారు కదా, జరుగుతుంది, కానీ అందరూ మర్యాదగా ఉంటూ ఉండగానే జరుగుతుంది. డాక్టరు కొడుకు ఆదివారం బయటికి తీసుకెళ్దామని అందరూ తయారయ్యాక రోగి ఉన్నాడని వెళ్ళిపోతాడు, అందులో అతని తప్పేమీ లేదు. కూతురికి బ్యూటీ పార్లర్ పని, ఆమె తప్పూ లేదు. ఇద్దరూ కలిసి డబ్బులేసుకుని అమ్మానాన్నల్ని అటామి అనే సముద్రపు ఊరికి పంపిస్తారు, హోటల్లో హాయిగా ఉంటారని. అక్కడ రాత్రంతా కుర్రాళ్ళ గోల, నిద్ర ఉండదు. పొద్దున్న సముద్రపు గట్టు మీద ఇద్దరూ కూర్చుని, ఇంటికి పోదామా అనుకుంటారు. లేవబోతూ ఆమె తూలి మళ్ళీ కూర్చుంటుంది. ఆ తూలడం ఒక్కటి చూడండి, మిగతాది నేను చెప్పను.

అందరికంటే బాగా చూసుకునేది యుద్ధంలో పోయిన రెండో కొడుకు భార్య నోరికో. ఒక్క గదిలో ఉంటుంది, మామగారికి పోయడానికి ఇంట్లో సాకే, అంటే వాళ్ళ బియ్యపు మద్యం, కూడా ఉండదు, పక్కింటికి వెళ్ళి అడిగి తెస్తుంది.

మధ్యాహ్నం కాదు, రాత్రి ఇంట్లో అందరూ పడుకున్నాక చూడండి. ఫోను వేరే గదిలో పెట్టండి.

ఆపరేటర్‌గారబ్బాయి:

నాకు మీ అంత పరిజ్ఞానం లేదండి. మా నాన్న నెల్లూరు జిల్లాలో ఒక చిన్న హాల్లో ముప్ఫై రెండేళ్ళు ప్రొజెక్టర్ ఆపరేటరు. నాకు తెలిసిన విదేశీ సినిమా ఒక్కటే, సినిమా పారడీసో, ఇటలీది, 1988. ఒక పిల్లాడు, వాళ్ళ ఊరి థియేటర్ ఆపరేటర్ ఆల్ఫ్రెడో. ఇంకేం చెప్పాలి, నా కథే.

దాన్ని నాన్నతో కలిసి చూశాను, ఇంగ్లీషు అక్షరాలు ఆయనకి అందవు కాబట్టి నేను పక్కన కూర్చుని చెబుతూ ఉన్నాను. కొంతసేపటికి చెయ్యి ఎత్తి నన్ను ఆపాడు. సినిమాలో ఊరి ఫాదర్ ముద్దు సీను వచ్చినప్పుడల్లా గంట కొడతాడు, అక్కడ కత్తిరించాలని గుర్తుగా ఆల్ఫ్రెడో రీల్లో కాగితం ముక్క దూరుస్తాడు. నాన్న లేచి కూర్చుని, మేమూ అట్టాగే పెట్టేవాళ్ళంరా, తెగిన చోట గుర్తుకి అన్నాడు. రీళ్ళ పెట్టె రాగానే నాన్న రీలు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి చుట్టేవాడు, చూడక్కర్లేదు, అంచున చిల్లు చిరిగి ఉంటే వేలికి తగిలేది. అక్కడ ఆపి, బ్లేడుతో గీకి, ఫిలిం సిమెంటు అనే జిగురు రాసి అతికించేవాడు. షో నడుస్తున్నప్పుడు వెలుగునిచ్చే కార్బన్ కడ్డీలు అరుగుతుంటాయి, కొంచెం కొంచెంగా దగ్గరికి జరుపుతుండాలి, ఏమరిస్తే తెర మసకబారి కింద నుంచి ఈలలు. రీలు అయిపోతోందని గుర్తుగా తెర మీద కుడివైపు పై మూల చుక్క పడగానే రెండో ప్రొజెక్టర్ అందుకోవాలి. ఇప్పటికీ పాత సినిమా టీవీలో వస్తే ఆయన కథ చూడడు, ఆ మూలే చూస్తాడు.

క్యాబిన్‌కి నిప్పంటుకుని ఆల్ఫ్రెడో చూపు పోయే చోట నాన్న టీవీ కట్టేయమన్నాడు. అరగంట తరువాత ఆయనే పెట్టమన్నాడు. చివర్లో, కత్తిరించిన ముద్దులన్నీ కలిపి అతికించిన రీలు ఆడుతున్నప్పుడు నేను తెర చూడలేదు, నాన్న వేళ్ళు చూస్తున్నాను, బొటనవేలూ చూపుడువేలూ కదులుతూనే ఉన్నాయి.

ఈ సినిమా మొదట ఇటలీలో విడుదలైనప్పుడు నడవలేదట, నిడివి తగ్గించాక కాన్ చిత్రోత్సవంలో బహుమతీ ఆస్కారూ వచ్చాయి. ఈ ముక్క చెబితే నాన్న చాలా సంతోషపడ్డాడు, కత్తెర మంచిగా పడితే బొమ్మ నిలబడుతుందని.

రాత్రిషో:

ఆపరేటర్‌గారబ్బాయి గారూ, మీ పోస్టు మా ఆవిడకి చదివి వినిపించాను. మళ్ళీ చదవమంది.

హన్మకొండ:

అన్నలూ, అక్కా, అందరూ బయటి దేశాలవే చెప్తున్నరు. మనది కూడా ప్రపంచంలనే ఉంది కదా. నర్సింగరావు గారి దాసి చూసిన్రా? 1988. దొర ఉండే గడీల బతికే కమలాక్షి కథ, మాటలు మస్తు తక్కువ, వాకిలి, మెట్లు, నీళ్ళ చప్పుడు, దొర దగ్గుడు. నటించిన అర్చనకి జాతీయ అవార్డు వచ్చింది. మా అమ్మమ్మ గడీల పనికి పోయిన మనిషి. ఆమె ఎన్నడూ చెప్పని సంగతులు నాకు ఆ సినిమాల కనిపించినయి, అడిగితే అవును బిడ్డా అని ఒక్క మాట అన్నది, ఇంక అడగలే.

మృణాల్ సేన్ బెంగాలీ ఆయన, 1977ల ప్రేమ్‌చంద్ కఫన్ కథ తీసుకొని ఒక ఊరి కథ అని తెలుగులనే తీసిండు. గౌతమ్ ఘోష్ మొదటి సినిమా మా భూమి, అదీ తెలుగే. భాష రాకున్నా వచ్చి మన కథ తీసిన్రు, మనం మాత్రం వాటిని జాబితాల రాయం. మల్లీశ్వరి 1953ల చైనాల చైనీస్ సబ్‌టైటిళ్ళతోని ఆడిందంటే అక్కడోళ్ళు భానుమతిని చూసి ఏమనుకున్నరో అని ఎప్పుడూ అనిపిస్తది.

నేలటికెట్టు:

ఒప్పుకుంటున్నా, దాసి నా జాబితాలో లేకపోవడం నా తప్పే. చూసి ఇరవై ఏళ్ళయింది, మళ్ళీ చూస్తాను.

గోదారిగట్టు:

ఒక ముచ్చట చెప్పాలి. మీ పోస్టు చూశాక పోయిన శనివారం ఎనిమిదో తరగతి పిల్లలకి బడిలో ఉన్న పెద్ద టీవీ మీద చిల్డ్రన్ ఆఫ్ హెవెన్ వేశాను. కింద వచ్చే ఇంగ్లీషుని నేను తెలుగులో గట్టిగా చదువుతూ ఉన్నాను. పావుగంటయ్యాక మొదటి వరసలో పిల్ల, మాస్టారూ మీరు చదవకండి, మాకు తెలుస్తోంది అంది. ఊరుకున్నాను.

పరుగుపందెం వచ్చింది. మూడో బహుమతి బూట్లు, అలీకి మూడోవాడిగానే రావాలి. వాడు ముందుకి పోతున్న కొద్దీ క్లాసంతా లేచి నిలబడి ఆగరా, ఆగరా అని అరిచారు. ఏ పందెంలోనైనా హీరోని ఆగమని అరిచిన జనాన్ని నేను చూడలేదు. వాడు మొదటివాడిగా వచ్చేశాడు, అక్కడ అందరూ చప్పట్లు కొడుతుంటే ఇక్కడ మా పిల్లలు ఏడుస్తున్నారు. అయిపోయాక వెనక బెంచీ పిల్ల ఒకత్తె, పట్టీ తెగిన హవాయి చెప్పుకి పిన్నీసు పెట్టుకుంది, ఆ కాలు బెంచీ కిందకి లాక్కోకుండా బయటే ఉంచి కూర్చుంది. రోజూ లోపలికి దాచుకునే పిల్ల.

రాత్రిషో:

మాస్టారూ, పిల్లలకి ఇంకేం వేస్తున్నారు? గ్రేవ్ ఆఫ్ ది ఫైర్‌ఫ్లైస్ మాత్రం ఇప్పుడే వద్దు. బొమ్మల సినిమా కదా అని మా అన్నయ్య పిల్లలతో కూర్చున్నాను, యుద్ధంలో అన్నాచెల్లెళ్ళ కథ, ఆ పిప్పరమెంట్ల డబ్బాలో నీళ్ళు పోసి తాగించే చోట నేనే లేచి వెళ్ళిపోయాను. 1988లో జపాన్‌లో దాన్నీ మై నైబర్ టొటోరోనీ ఒకే టికెట్ మీద జంటగా వేశారు. మీరు టొటోరో వేయండి, అది చాలా హాయిగా ఉంటుంది.

డాలస్‌లో_తెనాలి:

టోక్యో స్టోరీ చూశాను. రాత్రి పన్నెండున్నరకి మొదలుపెట్టి, ఫోను వేరే గదిలో పెట్టి.

మూడేళ్ళ కిందట అమ్మానాన్న ఇక్కడికి ఆర్నెల్లకి వచ్చారు. మా ఇద్దరికీ సెలవు దొరకలేదు. ఖాళీగా కూర్చుంటున్నారు కదా అని మంచి టూర్ చూసి, బస్సులో న్యూయార్క్, నయాగరా పంపించాము. తిరిగొచ్చాక ఎలా ఉందంటే బ్రహ్మాండంగా ఉందమ్మా, మీరు బాగా చూసుకున్నారు అన్నారు. వాళ్ళు వెళ్ళిపోయాక కూడా మేము బాగా చూపించామనే అనుకుంటున్నాను. అటామి గట్టు మీద ఆ ఇద్దరూ కూర్చున్నప్పుడు నాకు ఊపిరి ఆడలేదు.

పొద్దున్నే అమ్మకి ఫోన్ చేసి, అప్పటి టూర్‌లో నిజంగా ఎలా ఉందో చెప్పు అన్నాను. చాలాసేపు బాగుందనే అంది. తరువాత చెప్పింది, నాన్నకి మోకాళ్ళు నొప్పి వచ్చి రెండు చోట్ల బస్సు దిగలేదట, అమ్మ కూడా తోడుగా బస్సులోనే కూర్చుందట, చేగోడీలు తిన్నారట. మాకు పంపిన ఫోటోలు పక్క సీటు వాళ్ళని అడిగి తీయించుకున్నవట. ఇది మూడేళ్ళ తరువాత తెలిసింది నాకు.

నేలటికెట్టు గారూ, మీరు తూలడం చూడమన్నారు కదా. చూశాను.

ఆపరేటర్‌గారబ్బాయి:

అక్కా, ఇది చదివి నాన్నకి చెప్పాను. ఆ జపాన్ బొమ్మ చూపించమంటున్నాడు. నేను పక్కన చెబుతుంటే బొమ్మ మీద కన్ను నిలవడం లేదట, మాటలు తెలుగులో కింద వస్తే తనే చదువుకుంటానంటున్నాడు. ఎక్కడైనా దొరుకుతాయా?

గోదారిగట్టు:

నేను రాస్తానండీ. పిల్లల కోసం ఈ మధ్యే తెలుగు సబ్‌టైటిల్స్ రాయడం నేర్చుకున్నాను, అంత కష్టం కాదు. అక్షరాలు పెద్దవి పెడతాను. అటామి దగ్గర్నుంచి డాలస్ అమ్మాయి గారు రాస్తానంటే పని సగమవుతుంది.

డాలస్‌లో_తెనాలి:

రాస్తాను. ఈ వారాంతమే మొదలుపెడతాను. ఒక్కటి తేల్చండి. నోరికో అత్తగారిని జపనీస్‌లో అమ్మ అనే పిలుస్తోంది. మన ఇళ్ళల్లో అయితే అత్తయ్యా అంటాం. ఏది పెట్టను?

ఆపరేటర్‌గారబ్బాయి:

నాన్నని అడిగాను. కొడుకు పోయాక కూడా వదలని కోడలు కదా, అమ్మా అనే పెట్టమన్నాడు.